నలభై డిస్కుల పెట్టెలో లీ మేజర్స్

కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చినవారిని చివరిదాకా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. లీ మేజర్స్ కథానాయకుడిగా చేసిన అమెరికన్ టీవీ సీరియల్ ‘ది సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ పూర్తి డీవీడీ సెట్టును టైమ్ లైఫ్ సంస్థ 2010లో విడుదల చేసింది, అందులో నలభై డిస్కులు ఉన్నాయి. వాటిలో సగం హాయిగా చూడవచ్చు. పావు వంతు ఓపిక ఉంటే చూడవచ్చు. మిగిలిన పావు వంతు మాత్రం లీ మేజర్స్ మీద అభిమానం ఉంటే తప్ప కష్టం. నాకు ఆ అభిమానం ఉంది కాబట్టి ఏదీ వదలకుండా చూశాను. లేనివారికి మొదటి మూడు సీజన్లు విడిగా దొరికితే చాలు.

గుంటూరులో పుట్టిన నాకు 1970ల నాటి అమెరికన్ సీరియల్‌తో ఏం పని అంటారా? నేను మిషిగన్‌లో కృత్రిమ అవయవాలు తయారుచేసే చోట పనిచేస్తాను. కాలు తీసేసినవారికి అచ్చు తీయడం, సాకెట్ తయారుచేయడం, మోకాలి కీలు బిగించడం, రెండు కడ్డీల మధ్య నడిపించి ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి మళ్లీ సరిచేయడం నా వృత్తి. అరవై దాటిన మగవాళ్లు కొందరు కొత్త కాలితో మొదటి అడుగు వేయగానే నోటితో ఒక వింత చప్పుడు చేస్తారు, ఇనుప స్ప్రింగు వణికినట్టు ‘డ డ డ డ’ అని. పక్కనే ఉన్న భార్య నవ్వుతుంది. చేరిన కొత్తలో నాకు ఏమీ అర్థమయ్యేది కాదు. అది ఈ సీరియల్‌లో మేజర్స్ చేసిన స్టీవ్ ఆస్టిన్ తన యంత్రపు కాళ్లను, చేతిని వాడేటప్పుడు వచ్చే చప్పుడని, చిన్నప్పుడు వీధిలో అందరూ అలాగే పరుగెత్తేవాళ్లమని ఒక పెద్దాయన విడమరిచి చెప్పాడు. కాలు పోయిన మనిషికి నా బల్ల దగ్గర నవ్వు తెప్పించే సీరియల్ ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

ముందు సరుకు సంగతి. నేను కొన్నది వాడిన సెట్టు. అమ్మినవారు ‘కొత్తదానిలాగే ఉంది’ అని రాశారు గానీ, పెట్టె తెరిచేసరికి రెండో సీజన్ డిస్కులు రెండు పట్టులోంచి ఊడి లోపల దొర్లుతున్నాయి. ఒకదాని మీద గీత పడి, మంచి ఘట్టం మధ్యలో బొమ్మ ఆగిపోయింది. వెనక్కి తీసుకోమంటే జవాబు లేదు. ఇక ముఖ్యమైన మాట: ఇవి ఉత్తర అమెరికా రీజియన్ డిస్కులు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో ఉన్న మామూలు ప్లేయర్‌లో పెడితే ఆడకపోవచ్చు. అన్ని రీజియన్ల డిస్కులనూ ఆడించే ప్లేయర్ ఉన్నవారే కొనండి.

బొమ్మ నాణ్యత మీద నాకు ఫిర్యాదు లేదు. స్టూడియోలో తీసిన దృశ్యాలు శుభ్రంగా ఉన్నాయి. పాత వార్తాచిత్రాల నుంచి, నాసా ఫిల్ముల నుంచి తెచ్చి అతికించిన ముక్కలు మాత్రం గరుకుగా తేలిపోతాయి. అది డిస్కు తప్పు కాదు, అప్పట్లోనూ అంతే. ఈ సెట్టు చేసిన మంచి పని ఒకటుంది. 1973 నాటి మూడు టీవీ సినిమాలు, దీని నుంచే పుట్టిన ‘బయానిక్ ఉమన్’ సీరియల్‌లోకి సాగిన కథల రెండో సగాలు, తర్వాత 1987, 1989, 1994లలో వచ్చిన మూడు పునఃకలయిక సినిమాలు, అన్నీ ఒకేచోట పెట్టారు. కథ ఒక సీరియల్‌లో మొదలై మరోదాంట్లో తేలే బాధ లేదు. అదనపు విశేషాల్లో మేజర్స్ ఇంటర్వ్యూ కూడా ఉంది. అందులో ఆయన తన గురించి ఎంత తక్కువ చెప్పుకుంటాడో చూస్తే, తెర మీది పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఆయన జీవితమే ఒక సీరియల్‌కు సరిపోతుంది. 1939 ఏప్రిల్ 23న మిషిగన్‌లోని వయన్‌డాట్‌లో పుట్టాడు. డెట్రాయిట్ నదిని ఆనుకుని ఉన్న ఆ ఊరు మా వైపే. అసలు పేరు హార్వీ లీ యేరీ. పుట్టకముందే తండ్రి పనిలో జరిగిన ప్రమాదంలో పోయాడు. ఏడాదిన్నర నిండకముందే తల్లిని తాగి కారు నడిపినవాడు బలిగొన్నాడు. తండ్రి తరఫు బంధువులు దత్తత తీసుకుని కెంటకీలోని మిడిల్స్‌బరోకు తీసుకుపోయి పెంచారు. ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. ఇక్కడి ఫుట్‌బాల్ అంటే చేత్తో బంతి పట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట. ఆ ఆట పుణ్యమా అని ఇండియానా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ వచ్చింది. తర్వాత ఈస్టర్న్ కెంటకీకి మారాడు. అక్కడ ఒక మ్యాచ్‌లో వెన్నుకు బలమైన దెబ్బ తగిలి రెండు వారాలు కదల్లేకుండా మంచాన పడ్డాడు. ఆట అంతటితో ముగిసింది. నాటకాల వైపు తిరిగాడు. 1962లో డిగ్రీ పూర్తిచేసి లాస్ ఏంజిలిస్ వెళ్లి, నగర పార్కుల శాఖలో ఉద్యోగం చేస్తూ నటన నేర్చుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఆరాధించిన ఫుట్‌బాల్ వీరుడు జానీ మేజర్స్ నుంచి తెరపేరు తీసుకున్నాడు.

వెన్ను విరిగి మంచాన పడ్డ కుర్రాడు పదేళ్లు గడిచాక, విరిగిన శరీరాన్ని యంత్రాలతో మళ్లీ కట్టించుకున్న మనిషిగా నటించాడు. కథకుడు కల్పిస్తే అతిగా ఉంది అంటాం. ప్రచారంలో దీన్ని ఎంత వాడుకున్నారో గానీ, తెర మీద మేజర్స్ ఎక్కడా దాన్ని అమ్ముకోలేదు.

ఈ సీరియల్ ఆయన చేతికి వచ్చేనాటికి ఆయన కొత్తవాడేమీ కాదు. 1965 నుంచి 1969 దాకా ఏబీసీ చానల్‌లో ‘ది బిగ్ వ్యాలీ’ అనే కౌబాయ్ సీరియల్‌లో హీత్ బార్‌క్లీగా చేశాడు. బార్బరా స్టాన్‌విక్ అందులో ఇంటి పెద్ద. చనిపోయిన ఆమె భర్తకు వేరే స్త్రీ వల్ల పుట్టిన కొడుకు ఈ హీత్. గుమ్మంలో నిలబడి తనకూ ఈ ఇంట్లో హక్కుందని చెప్పుకోవలసినవాడు. నలుగురు నటులు గొంతు చించుకుంటుంటే ఈయన తల కొద్దిగా వంచి కింది నుంచి పైకి చూస్తాడు, అంతే. స్టాన్‌విక్ అంతటి నటి ఎదుట నిలబడి తక్కువ చేసి నెగ్గుకురావడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాత ‘ది వర్జీనియన్’ చివరి సీజన్‌లోనూ, ‘ఓవెన్ మార్షల్’ అనే కోర్టు సీరియల్‌లో కుర్ర లాయర్‌గానూ కనిపించాడు. అవేవీ ఈ పెట్టెలో లేవు, వేరే కొనుక్కోవాలి.

ఇక అసలు సరుకు. మార్టిన్ కైడిన్ 1972లో రాసిన ‘సైబోర్గ్’ నవల ఆధారంగా మొదటి టీవీ సినిమా 1973 మార్చి 7న వచ్చింది. నా లెక్కలో పెట్టె మొత్తానికి ఇదే శిఖరం. చంద్రుడి మీద నడిచొచ్చిన స్టీవ్ ఆస్టిన్ ఒక ప్రయోగ విమానం కూలి రెండు కాళ్లు, కుడి చేయి, ఎడమ కన్ను పోగొట్టుకుంటాడు. టైటిల్స్‌లో నేల మీద దొర్లుతూ కనిపించే విమానం నిజమైనది. 1967 మే 10న నాసా పరీక్షలో కూలిన ఎం2-ఎఫ్2. పైలట్ బ్రూస్ పీటర్సన్ బతికాడు గానీ తర్వాత ఒక కంటి చూపు పోయింది. ఆ ప్రమాదాన్ని వారం వారం టీవీలో చూడవలసి రావడం ఆయనకు ఎలా అనిపించి ఉంటుందా అని ప్రతి ఎపిసోడ్ మొదట్లోనూ నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆస్పత్రి దృశ్యాలు చూడండి. స్పృహ వచ్చాక తనకు ఏమేం లేవో తెలిసిన స్టీవ్ చచ్చిపోదామని ప్రయత్నిస్తాడు. నర్సు చూసి ఆపుతుంది. ఆ తర్వాత ఆమెతో మాట్లాడేటప్పుడు మేజర్స్ గొంతు పెంచడు, కన్నీళ్లు పెట్టడు. చూపు పైకప్పు మీదే నిలిపి మాటల్ని ఒక్కొక్కటిగా వదులుతాడు. కాలు తీసేసిన మర్నాడు మనుషులు ఎలా ఉంటారో నేను చూస్తూనే ఉంటాను. అరిచేవాళ్లు తక్కువ. ఎక్కువమంది ఇలాగే పైకప్పు చూస్తారు. ఈ నటుడికి ఆ సంగతి ఎవరో చెబితే తెలిసింది కాదని నా అనుమానం.

ఆ సినిమాలోనే మరో ఘట్టం. ప్రమాదానికి గురైన కారులోంచి ఒక పిల్లవాడిని స్టీవ్ కాపాడతాడు. చేతి మీద చర్మం చీలి లోపలి తీగలు బయటపడతాయి. కృతజ్ఞతతో దగ్గరకు వచ్చిన తల్లి ఆ తీగలు చూసి బెదిరి వెనక్కి జరుగుతుంది. మేజర్స్ చేసిందల్లా ఆ చేతిని రెండో చేత్తో కప్పుకోవడం, ముఖం పక్కకు తిప్పుకోవడం. నేను చేతులు తయారుచేసి ఇచ్చినవారు బస్సులో, పెళ్లి విందులో సరిగ్గా ఇలాగే చేస్తారు. ఈ ఒక్క క్షణం కోసం డిస్కును ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో.

దీని ముగింపు కూడా చేదుగానే ఉంటుంది. డారెన్ మెక్‌గావిన్ చేసిన అధికారికి స్టీవ్ ఒక పనిముట్టు మాత్రమే. మళ్లీ పని పడేదాకా నిద్రపుచ్చి ఉంచుదాం అంటాడు. ఇంత నల్లటి కథ వారం వారం పిల్లలకు నప్పదని అనుకున్నారేమో, తర్వాతి రెండు సినిమాలను నిర్మాత గ్లెన్ లార్సన్ జేమ్స్ బాండ్ బాణీలోకి తిప్పాడు. సూట్లు, ఓడలు, అందగత్తెలు, గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ పాట. మేజర్స్ ఆ బట్టల్లో అద్దెకు తెచ్చినవాడిలా ఇబ్బందిగా కనిపిస్తాడు. దాటేయవచ్చు. 1974 జనవరిలో మొదలైన వారపు సీరియల్‌లో నిర్మాత హార్వ్ బెనెట్ దాన్ని మళ్లీ నేల మీదికి దించాడు. రిచర్డ్ ఆండర్సన్ చేసిన ఆస్కర్ గోల్డ్‌మన్ పై అధికారిగానూ, నేస్తంగానూ కుదిరిపోయాడు.

గంటకు అరవై మైళ్ల వేగంతో పరుగెత్తేవాడిని స్లో మోషన్‌లో చూపించారు. ఫిల్మును వేగంగా తిప్పితే పాత మూకీల్లో జనం గునగున పరుగెత్తినట్టు నవ్వు వచ్చేది, అందుకని ఎదురు దారి పట్టారు. వేగాన్ని మనమే ఊహించుకుంటాం. అయితే ఈ పద్ధతికి నటుడు దొరకాలి. నడక చూసి లోపం చెప్పడం మా పనిలో భాగం కాబట్టి చెబుతున్నాను: స్లో మోషన్‌లో ఏదీ దాగదు. మడమ ఎక్కడ ఆనింది, తుంటి ఎంత తిరిగింది, భుజం ఎప్పుడు బిగుసుకుంది, అన్నీ బయటపడతాయి. మేజర్స్ మోకాళ్లు నిండుగా లేస్తాయి, అరచేతులు తెరుచుకుని ఉంటాయి, మెడ మీద నరం తేలదు. ముఖంలో ప్రయాస లేదు. బలం చూపించాలంటే పళ్లు బిగించాలనుకునే నటులు ఈ పాత్రను రెండు వారాల్లో ముంచేసేవారు. ఆయన మహా అయితే ఒక కనుబొమ్మ పైకెత్తుతాడు. విమర్శకులు దాన్ని కొయ్య ముఖం అన్నా నేను ఒప్పుకోను. పెద్ద గోడ మీదికి ఎగిరే దృశ్యాల్లో మాత్రం కొంత గారడీ ఉంది. పై నుంచి కిందికి దూకిన ముక్కను వెనక్కి తిప్పి చూపిస్తారు. జుట్టు, కోటు అంచు ఎటు కదులుతున్నాయో గమనిస్తే పట్టుబడిపోతుంది.

వృత్తిరీత్యా నాకున్న అభ్యంతరాలు చెప్పకపోతే నిద్ర పట్టదు. కారును ఎత్తాలంటే ఉక్కు చేయి ఒక్కటే చాలదు. ఆ చేయి తగిలించిన భుజం ఎముక, వెన్ను మనిషివే కదా, అవి ముందు విరుగుతాయి. అవయవాలు అణుశక్తితో నడుస్తాయంటారు, సరే అనుకుందాం. గడ్డకట్టే చలిలో అవి మొరాయిస్తాయని కథలో పెట్టారు. ఆ ఒక్కటీ మెచ్చుకున్నాను, ఎందుకంటే మిషిగన్ జనవరిలో మేం బిగించే కంప్యూటర్ మోకాళ్ల బ్యాటరీలు కూడా చలికి త్వరగా దిగిపోతాయి. అన్నిటికన్నా పెద్ద అబద్ధం, నొప్పి లేకపోవడం. మొదటి సినిమా దాటాక స్టీవ్‌కు పుండు పడదు, చెమటకు చర్మం పాసిపోదు, లేని కాలు రాత్రిపూట సలపదు. జైపూర్ పాదంతో సుధా చంద్రన్ తన కథలో తానే నటించిన తెలుగు సినిమా చూసి పెరిగినదాన్ని నేను. అందులో రక్తం ఓడుతున్న కాలే కథ. ఈ అమెరికన్ కథలో కాలు అడగ్గానే పరుగెత్తే గుర్రం. పిల్లలకు ఇదే కావాలని తెలుసు, అయినా నాకు ఆ మొదటి సినిమా స్టీవ్ మీదికే గాలి మళ్లుతుంది.

సెట్టులో వరసగా చూడదగినవి చెబుతాను. 1975లో వచ్చిన ‘ది బయానిక్ ఉమన్’ రెండు భాగాలు తప్పనిసరి. పారాచూట్ ప్రమాదంలో చితికిన టెన్నిస్ క్రీడాకారిణి జేమీగా లిండ్సే వాగ్నర్ వచ్చాక, మేజర్స్‌కు మొదటిసారి సమానంగా నిలిచే మనిషి దొరికింది. నేపథ్యంలో వినిపించే ప్రేమపాట కూడా ఆయనే పాడాడు. గాయకుడు కాడు, గొంతులో నిజాయితీ ఉంది, అక్కడితో సరిపెట్టుకోవాలి. జేమీని చంపేస్తే ప్రేక్షకులు ఊరుకోలేదు, ఉత్తరాలు కురిపించారు. అదే ఏడాది ఆమెను బతికించి తెచ్చారు. 1976 నుంచి ఆమెకు సొంత సీరియల్ వచ్చింది, 1977లో వాగ్నర్‌కు ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది. ఇంకొకటి బిగ్‌ఫుట్ కథ. బొచ్చు కప్పుకున్న ఆ వింత జీవిగా మల్లయోధుడు ఆండ్రీ ద జయింట్ నటించాడు. చెట్ల మధ్య వీళ్లిద్దరి పోరు స్లో మోషన్‌లో చూస్తే నవ్వాలో నోరు వెళ్లబెట్టాలో తెలియదు. నేను రెండూ చేశాను. అప్పటి భార్య ఫారా ఫాసెట్ కూడా మొదటి సీజన్‌లో అతిథిగా కనిపిస్తుంది. 1973లో పెళ్లి చేసుకున్నారు, 1982లో విడాకులు తీసుకున్నారు. ఆ సంగతి ఇంతకన్నా తవ్వడం నాకు ఇష్టం లేదు.

నాలుగో సీజన్ మొదట్లో మేజర్స్ మీసంతో వస్తాడు. ఎవరి సలహానో గానీ ఎక్కువ కాలం ఉంచలేదు, మంచి పని చేశాడు. అక్కడి నుంచి కథలు అరిగిపోయాయి. గ్రహాంతరవాసులు, రోబోలు, మళ్లీ బిగ్‌ఫుట్. 1978 మార్చిలో సీరియల్ ముగిసింది. ఐదో సీజన్ డిస్కులు నేను ఇస్త్రీ చేసుకుంటూ చూశాను, ఏమీ పోగొట్టుకున్నట్టు అనిపించలేదు.

తర్వాతి మేజర్స్‌ను కూడా చూడాలనుకునేవారు ‘ది ఫాల్ గయ్’ వెతుక్కోవాలి. 1981 నుంచి 1986 దాకా ఏబీసీలో వచ్చింది. పగలు సినిమాల్లో డూప్‌గా దూకులు దూకి, ఆదాయం చాలక పారిపోయిన నేరస్థులను పట్టి తెచ్చే కోల్ట్ సీవర్స్ పాత్ర. టైటిల్ పాట మళ్లీ ఆయనదే. నటుల కోసం ఎముకలు విరగ్గొట్టుకునే అనామక డూప్ గోడు అది. మన ఫైట్ మాస్టర్లు, డూపులు వింటే వాళ్ల గోడు వాళ్లకే వినిపిస్తుంది. స్టీవ్ ఆస్టిన్‌గా నొప్పి తెలియనివాడు ఇక్కడ మంచం దిగేటప్పుడు నడుం పట్టుకుని మూలుగుతాడు, హాస్యం పండిస్తాడు. ఆయనకు ఇదే ఎక్కువ సుఖమైన పాత్ర అనిపించింది. 2024లో ఇదే పేరుతో సినిమా తీసినప్పుడు చివర్లో ఆయనను కాసేపు చూపించారు.

పెట్టెలోని పునఃకలయిక సినిమాల్లో 1989 నాటిది ఒక్కటే చూడండి, అదీ అప్పటికి ఎవరికీ తెలియని సాండ్రా బుల్లక్ కోసం. 1994 నాటి దాంట్లో స్టీవ్‌కు, జేమీకి పెళ్లి చేసి చేతులు దులుపుకున్నారు. ఈ నడివయసు సినిమాల కన్నా, వయసు మళ్లాక మేజర్స్ తన పేరుతో టీవీ ప్రకటనల్లో అమ్మిన ‘బయానిక్’ వినికిడి యంత్రమే నాకు నచ్చింది. పాత పేరును కొత్త అవసరానికి సిగ్గుపడకుండా వాడుకున్నాడు. 2016లో ‘యాష్ వర్సెస్ ఈవిల్ డెడ్’ సీరియల్‌లో నోటిదురుసు తండ్రిగా చేసినదీ అలాంటిదే. డెబ్బై ఏడేళ్ల వయసులో తన సౌమ్యతను తానే ఎగతాళి చేశాడు.

కొనేవారు అమ్మేవారిని పెట్టె అట్ట ఫొటో కాదు, లోపలి పట్టులో డిస్కులు కూర్చుని ఉన్న ఫొటో అడగండి. ముఖ్యంగా రెండో సీజన్ అర. గీతలు కనబడితే బేరం అక్కడే ఆపేయండి. నా సెట్టులో ఆగిపోయే డిస్కు స్థానంలో మంచిది ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే చెప్పండి, ఐదో సీజన్ మొత్తం బదులిస్తాను.